బాగుందిరా, ఎవరి గురించి?

మా పిన్ని 34 ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరైంది. పద్యాలు అల్లుతాడన్న పేరు బంధువుల్లో ఉండటంతో, వీడ్కోలు సభకి సన్మానపత్రం రాసే పని నా నెత్తిన పడింది. రెండు రాత్రులు కూర్చుని సీసపద్యం ఒకటి కట్టాను. విద్యాదాన వ్రతదీక్షాపరాయణ అన్నాను. శారదామూర్తి అన్నాను. శిష్యకోటి హృదయపద్మాలు వికసింపజేసిన సూర్యబింబం అన్నాను. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరాల్సిన అక్షరం, ఎక్కడా తప్పలేదు. హెడ్మాస్టరుగారు మైకులో గొంతు సవరించుకుని చదివారు, సభ చప్పట్లు కొట్టింది, దాన్ని ఫ్రేము కట్టించి శాలువాతో పాటు ఇచ్చారు. రాత్రి ఇంటికొచ్చాక పిన్ని కళ్లజోడు పెట్టుకుని, ఆ ఫ్రేమును లైటు కిందకి జరుపుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. చదివి, "బాగుందిరా, ఎవరి గురించి?" అంది.

వెటకారం ఆవిడ స్వభావంలోనే లేదు. నిజంగానే అడిగింది. సమాధానం నా దగ్గర లేదు. అందులో పేరు ఒక్కటి మారిస్తే పక్క మండలంలో రిటైరయ్యే ఏ మాస్టారికైనా సరిపోతుంది. ఆ మాటకొస్తే, మరుసటి ఏడాది ఒకాయనకి ఇచ్చాను కూడా. ఆయన చాలా సంతోషపడ్డారు.

"ఎవరి కోసం రాస్తావు?" అన్న ప్రశ్న మన సాహిత్య సభల్లో ఎప్పుడు లేచినా కాసేపట్లో తగాదా అవుతుంది. ప్రజల కోసం అని ఒకరంటారు. నా కోసం నేను రాసుకుంటాను, నచ్చితే చదవండి అని ఇంకొకరు. జనం కోసం రాస్తే కవిత్వం పలచబడుతుందని ఒక వర్గం, పండితుల కోసం రాస్తే బిగుసుకుపోతుందని మరో వర్గం. నాకు తెలిసి ఈ తగాదా తెగకపోవడానికి కారణం ఒకటే. పద్యానికి అవతల ఒకే ఒక్క మనిషి ఉన్నాడనుకుని అందరూ మాట్లాడతారు. అక్కడ కనీసం నలుగురున్నారు.

పద్యంలో మనం పేరు పెట్టి పిలిచే మనిషి ఒకరు. పద్యాన్ని అంకితంగా చేతిలో పెట్టించుకునే మనిషి ఇంకొకరు, పాతకాలంలో ఈయన కృతిభర్త. ఎదురుగా కూర్చుని వినే సభ మూడోది. నాలుగో మనిషితోనే ప్రమాదం: మన బుర్రలో కూర్చుని యతిప్రాసలు లెక్కపెట్టే తోటికవి. నా సీసంలో పిలుపు పిన్నికి, చప్పట్లు సభకి, పేరు స్కూలుకి వెళ్లాయి. రెండు రాత్రుల కష్టం మాత్రం అచ్చంగా ఆ నాలుగోవాడికే పోయింది.

మన పాతవాళ్లు ఈ నలుగురినీ కలగాపులగం చేయలేదు. కావ్యం మొదట్లో అవతారిక అని ఒకటి పెట్టి, ఎవరికి ఏమిస్తున్నారో అందులో లెక్క చెప్పేవారు. షష్ఠ్యంతాలని కొన్ని పద్యాలు ఉంటాయి. ఫలానా గుణాలున్నవాడికి, ఫలానా వంశంలో పుట్టినవాడికి అంటూ విశేషణాలన్నీ 'కున్', 'కిన్' అని ముగుస్తాయి. కవరు మీద అడ్రసు రాసినట్టే. ప్రతి ఆశ్వాసం మొదట్లోనూ చివర్లోనూ మళ్లీ ఆయన్నే పిలుస్తారు, ఆయన వింటున్నాడో లేదో చూసుకుంటున్నట్టు.

డబ్బులు పుచ్చుకుని పొగిడారని కృతిభర్తల వ్యవహారాన్ని తీసిపారేయడం మనకి అలవాటు. పోతన తీసిపారేశాడు, ఆయనకి ఆ హక్కుంది. "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్ సొమ్ములు కొన్ని పుచ్చుకొని" బతకనని చెప్పి, భాగవతాన్ని రాముడి చేతిలో పెట్టాడు. శ్రీనాథుడి దారి వేరు. రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి కాశీఖండం ఇచ్చాడు, మంత్రి మామిడి సింగనకి శృంగార నైషధం, వర్తకుడు అవచి తిప్పయ శెట్టికి హరవిలాసం. ఆ తిప్పయ శెట్టిని పొగుడుతూ ఆయన రాసిన సీసం ఒకటుంది. అందులో కర్పూరపు చెట్లు, సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రాలు, గోవ జవ్వాది, భోటదేశపు కస్తూరి, చీనాంబరాలు వరసగా ఓడల్లోంచి దిగుతూనే ఉంటాయి. ఆనాటి సముద్ర వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు చరిత్రకారులు ఈ పద్యాన్ని ముందుకు తెస్తారు. అందులో 'దాతృత్వ సింధువు' లాంటి మాటలకన్నా సరుకుల పట్టీయే ఎక్కువ జాగా తీసుకుంది.

నాదీ సీసమే, ఆయనదీ సీసమే. పొగడ్త రెండిట్లోనూ ఉంది. తిప్పయ శెట్టి పద్యాన్ని తీసుకెళ్లి ఏ మంత్రికీ ఇవ్వలేం, ఎందుకంటే ఆ ఓడలు వేరే ఎవరికీ లేవు. ఒక మనిషిని మనసులో పెట్టుకుని రాయడమంటే ఏమిటో నాకు ఆ పద్యం నేర్పింది, కాకపోతే సన్మానసభ అయిపోయాక.

ఇక సభ సంగతి. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయ, తన భారతాన్ని ఎవరు ఎందుకు మెచ్చుకుంటారో ముందే విడదీసి చెప్పాడు. "సారమతిం గవీంద్రులు ప్రసన్న కథాకలితార్థయుక్తి లో నారసి మేలునా, నితరు లక్షరరమ్యత నాదరింప" అన్నాడు. కవులు లోపలికి దిగి కథలో అర్థం పొదిగిన తీరు చూసి మెచ్చుకుంటారు, మిగతావాళ్లు అక్షరాల అందం చూసి ఆదరిస్తారు. ఒకే పద్యానికి రెండు గుమ్మాలు. 'ఇతరులు' అన్న మాటలో చిన్నచూపు ఉందని కొందరికి అనిపించొచ్చు, నాకు అనిపించలేదు. "మదమాతంగ తురంగ కాంచన లసన్మాణిక్య గాణిక్య సంపద" అన్న పాదాన్ని ఒకసారి పైకి చదవండి. అర్థం తెలియని మనిషికి కూడా ఏనుగులూ గుర్రాలూ బంగారమూ వరసకట్టి వస్తున్న చప్పుడు వినపడుతుంది. అర్థం తెలిసినవాడికి ఆ చప్పుడు ఎలాగూ ఉంది, సభాపర్వంలో ఆ కానుకలు ఎందుకొస్తున్నాయన్నది అదనం. ఇతరుల కోసం నన్నయ స్థాయి తగ్గించలేదు, వాళ్లు రావడానికి చెవి వైపు ఇంకో తలుపు పెట్టాడు.

పాల్కురికి సోమన ఇదే లెక్కని వేరేలా తేల్చాడు. ఆయనకి కావలసింది రాజసభ కాదు, శివభక్తుల గుంపు. "ఉరుతర గద్యపద్యోక్తులకంటె సరసమై పరగిన జానుతెనుంగు చర్చింపగా సర్వసామాన్యమగుట" వల్ల ద్విపదలు కూర్చుతున్నానని బసవపురాణంలో చెప్పాడు. జానుతెనుగంటే జనం నోట ఆడే తేట తెలుగు. ద్విపద అంటే రెండేసి పాదాలు. ఒకరు పాడితే పదిమంది అందుకోవచ్చు, ఎక్కడ ఆపినా మళ్లీ ఎత్తుకోవచ్చు. అంటే శ్రోతలు మారేసరికి ఛందస్సే మారింది. చిత్రమేమిటంటే, 13వ శతాబ్దపు భక్తులకి అంత సులువుగా ఉన్న ఆ జానుతెనుగు ఇప్పుడు మనకి నిఘంటువు లేకుండా నడవదు. సులువు అనేది మాటలో ఉండదు, వినేవాడిలో ఉంటుంది. 'సరళమైన భాషలో రాయండి' అని సలహా ఇచ్చేవాళ్లు 'ఎవరికి సరళం' అన్నది చెప్పకుండా వదిలేస్తారు.

మొల్ల దీనికి ఒక రుచి పరీక్ష పెట్టింది. తేనె నాలిక్కి తగలగానే నోరు తీపెక్కినట్టు అర్థం తోచాలి, లేకపోతే ఆ కావ్యం "మూగచెవిటివారి ముచ్చట" అవుతుందంది. మూగవాడు చెబుతుంటే చెవిటివాడు వింటున్నాడన్నమాట. ఈ మధ్య కొన్ని కవితల కింద వచ్చే 'అద్భుతం సార్' కామెంట్లు చూస్తే నాకు మొల్లే గుర్తొస్తుంది.

పోతన మాత్రం బేరం పెట్టలేదు. కొందరికి తెలుగు బాగుంటుంది, కొందరికి సంస్కృతం, కొందరికి రెండూ, "నేనందర మెప్పింతు కృతుల నయ్యైయెడలన్" అన్నాడు. ఆ చివరి మాట 'అయ్యైయెడలన్' ముఖ్యం. అందర్నీ అన్నిచోట్లా ఒకేసారి మెప్పిస్తానని ఆయన అనలేదు. ఎక్కడికి తగ్గది అక్కడ.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కుముడి ఎక్కువున్న చోటికి వద్దాం. పద్యంలో పిలుస్తున్న మనిషీ, వినాల్సిన మనిషీ ఒకరే కానక్కర్లేదు. చాలాసార్లు ఒకరు కాకపోవడంలోనే కిటుకంతా ఉంటుంది. కోడలికి తగలాలని అత్తగారు పిల్లిని తిట్టే విద్య మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. శతకాల్లో ప్రతి పద్యం చివరా వచ్చే పిలుపులు, మకుటాలు, అదే పనిచేస్తాయి. "వినురవేమ" అని వేమన తన పేరు తనే పెట్టుకుని పిలుచుకుంటాడు. తనకి తను చెప్పుకుంటున్నవాడి మీద మనం అలగలేం. పక్కన నిలబడి విన్నందుకు తగిలితే అది మన ఖర్మ. సుమతీ శతకకారుడిది ఇంకో ఎత్తు. చెప్పాల్సింది చెప్పి చివర్లో 'సుమతీ', అంటే 'మంచి బుద్ధి కలవాడా', అని పిలిచేస్తాడు. అలా పిలిపించుకున్నాక కాదనడం కష్టం.

ధూర్జటి "రాజుల్ మత్తులు, వారిసేవ నరకప్రాయంబు" అని శ్రీకాళహస్తీశ్వరుడికి మొరపెట్టుకున్నాడు. ఆయన శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజాల్లో ఒకడని ప్రతీతి. శివుడికి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రాజు చెవిన పడితే పడనీ, కానీ రాజుతో చెప్పలేదు కదా.

ఈ విద్యకి నేను చూసినంతలో పరాకాష్ఠ జాషువా గబ్బిలం. 1941 నాటి పుస్తకం. ఊరిబయట, గుడిలోకి అడుగుపెట్టనివ్వని కులంలో పుట్టిన ఒక పేదవాడు, రాత్రి దీపం దగ్గరకి వచ్చిన గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడి దగ్గరకి పంపుతున్నాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని ప్రియురాలి దగ్గరకి పంపాడు కదా, ఆ చట్రమే. గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నాడంటే, మనిషికి లేని ప్రవేశం దానికుంది. గుడి కప్పుకి వేలాడుతుంది కాబట్టి శివుడి చెవి దానికి దగ్గర. "పూజారి లేనివేళ" తన బతుకు కథ విన్నవించమంటాడు.

ఇప్పుడు నలుగుర్నీ లెక్కపెట్టండి. పిలుపు గబ్బిలానికి. విన్నపం దేవుడికి. ఈ రెండూ కథ లోపలివి. మరి 1941లో తేటగీతులూ సీసాలూ ఉన్న తెలుగు పుస్తకం కొని, పైకి చదువుకుని, యతి చూసుకుని ఆనందించేది ఎవరు? ఎక్కువ భాగం ఆ గుడి తలుపు లోపల ఉన్నవాళ్లే. వాళ్లని ఆయన ఒక్కసారి కూడా 'ఓ పాఠకులారా' అని పిలవలేదు. వాళ్లు పక్కన నిలబడి వింటున్నారంతే. నేరుగా నిలదీసి ఉంటే సమర్థించుకునేవారు, వాదించేవారు, ఇది కవిత్వమే కాదు నినాదమనేవారు. గబ్బిలంతో మాట్లాడుతుంటే ఏమని అడ్డుపడతారు? ఛందస్సు తప్పిందందామంటే అది వాళ్లకన్నా ఆయనకే బాగా వచ్చు. జనానికి దగ్గరవ్వాలంటే పద్యం వదిలేయాలి అనుకుంటున్న కాలంలో జాషువా పద్యాన్ని పట్టుకుని ఉండటం వెనకబాటుతనమని కొందరనుకున్నారు. వినిపించాల్సింది ఎవరికో చూసుకుంటే, ఆయన వాళ్ల భాషలోనే వాళ్ల ఇంటికి వెళ్లాడని అర్థమవుతుంది.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' పాట కూడా ఇలాంటిదే. పిలిచేది పసులు కాసే జీతగాడైన చిన్న పిల్లవాణ్ని. చుట్టూ కూర్చుని వినేది ఆ పిల్లవాడి అమ్మానాన్నలు, ఊరి పెద్దమనుషులు. పిల్లవాడికి తన కష్టం తెలుసు, చెప్పాల్సింది వాడికి కాదు. కాకపోతే ఇక్కడ పద్యం పనికిరాదు. చదువులేని సభలో, మైకు లేని చీకట్లో, మొదటిసారి వింటుండగానే నోటికి రావాలి. కాబట్టి పాట అయింది. జాషువా పద్యం పట్టుకోవడం, హనుమంతు పాట ఎత్తుకోవడం ఒకే లెక్కకి వచ్చిన రెండు జవాబులు.

సభకి ఇంకో లక్షణముంది. పుస్తకంలా వెనక్కి తిప్పడానికి వీల్లేదు. ఒక మాట జారిపోతే జారిపోయినట్టే. దీన్ని మన బుర్రకథవాళ్లకన్నా బాగా అర్థం చేసుకున్నవాళ్లు లేరు. కథకుడికి అటొకరు ఇటొకరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. 'అప్పుడేం జరిగింది?' అని అడగడం, 'ఓహో' అనడం, అర్థంకాని మాట వస్తే 'అంటే?' అనడం వాళ్ల పని. సభలో కూర్చున్నవాడి బుర్రలో పుట్టే సందేహాన్ని వేదిక మీదే ఒక మనిషిని పెట్టి అడిగిస్తున్నారు. షేక్ నాజర్ బొబ్బిలి యుద్ధమో పల్నాటి యుద్ధమో చెబుతుంటే తెల్లవార్లూ జనం కదలకుండా కూర్చున్నారంటే, ఆయన గొంతుతో పాటు ఆ ఏర్పాటుకీ భాగముంది.

సభలో అడిగినవాళ్లకి అడిగినట్టు అప్పటికప్పుడు పద్యం చెప్పే అవధానంలో శ్రోత ఏకంగా ప్రత్యర్థి. నిషిద్ధాక్షరిలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఒక్కో అక్షరం దగ్గరా 'ఇది వద్దు' అంటాడు, అవధాని పక్కకి తప్పుకుంటూ పద్యం పూర్తి చేయాలి. తిరుపతి వేంకట కవులు సంస్థానాలన్నీ తిరిగి ఇలా నెగ్గుకొచ్చినవాళ్లు. వాళ్ల అసలు గొప్పదనం నాకు వేరే చోట కనిపిస్తుంది. నిండు సభలో పండితుల్ని ఓడించిన ఆ ఇద్దరే పాండవోద్యోగ విజయాలు నాటకాలు రాశారు. పడుకుని ఉన్న కృష్ణుడి దగ్గరకి దుర్యోధనుడూ అర్జునుడూ వచ్చే పడకసీన్ దగ్గరకొచ్చేసరికి, రాత్రి రెండింటికి, గోనెపట్టాల మీద కూర్చున్న రైతులు 'వన్స్‌మోర్' అని అరిచింది వాళ్ల పద్యాలకే.

కృష్ణుడు దుర్యోధనుణ్ని పలకరించే ఆ మొదటి పాదం చూడండి: "బావా! యెప్పుడు వచ్చితీవు, సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్". ఛందస్సు తెలిసినవాళ్లు గణాలు కట్టుకుంటే ఇది శార్దూలం. పేరుకి తగ్గట్టే బరువైన వృత్తం, గురువులు, అంటే ఒత్తి పలికే బరువైన అక్షరాలు, మూడు వరసగా పడి మొదలవుతుంది. వినే మనిషికి ఆ బరువు తెలియదు. ఎందుకు తెలియదంటే, 'బావా, ఎప్పుడొచ్చావు?' అన్నది గుమ్మంలో చెంబుతో నీళ్లిస్తూ ప్రతి ఇంటివాడూ అడిగే ప్రశ్న. ఆ తర్వాత 'అందరూ బాగున్నారా' అన్నది కూడా అంతే. శార్దూలానికి కావలసిన మూడు గురువులూ మన పలకరింపులోనే ఉన్నాయని వాళ్లు పసిగట్టారు. 'భ్రాతల్ సుతుల్' అన్నవి సంస్కృతం మాటలే, కానీ పక్కనే 'చుట్టముల్' నిలబడి చెయ్యి పట్టుకుని దాటిస్తుంది. పిల్లనిచ్చి పుచ్చుకునే వరసలు తెలిసిన సభ కాబట్టి, కృష్ణుడి గుమ్మంలో కాదు, తమ గుమ్మంలోనే దుర్యోధనుడు దిగినట్టు అనుకున్నారు. ఇంకా చదువురానివాళ్ల కోసం రాస్తున్నాం కదా అని వాళ్లు వృత్తం వదిలేసి ఉంటే, హార్మోనియం మీద అంతసేపు రాగం తీయడానికి ఆ నటుడికి గురువులు ఎక్కడ దొరికేవి?

ఇప్పటి కవిసమ్మేళనాల మాట ఎత్తకపోవడమే మేలు. పత్రికలో అచ్చయిన కవితని తలెత్తకుండా చదివి దిగిపోతాం, ఎదురుగా ఉన్నవాళ్లంతా తమ వంతు కోసం కాగితాలు సర్దుకుంటున్న కవులే. అదే ఊళ్లో, హైదరాబాదులో, ఉర్దూ కవుల ముషాయిరాకి వెళ్లి చూడండి. మొదటి పాదాన్ని షాయర్ రెండుసార్లు చదువుతాడు, సభ కూడా ఒకసారి అందుకుంటుంది, రెండో పాదం చివర రాబోయే మాట సగం మందికి ముందే తెలిసిపోయి వాళ్లే పూర్తిచేస్తారు. వినేవాళ్లకి పని కల్పించినంత కాలం వాళ్లు ఫోను చూడరు.

అన్నిటికన్నా కష్టమైన శ్రోతలు మూడేళ్ల పిల్లలు. మొహమాటం లేదు, మర్యాదకి కూర్చోరు.

చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా?
తోటకెళ్లావా, పండు తెచ్చావా?
గూట్లో పెట్టావా, గుటుక్కున మింగావా?

ఎవరు కట్టారో తెలియదు, ఎవరు కట్టినా పిల్లల్ని ఎత్తుకుని పెంచినవాళ్లే అయ్యుంటారు. ఇందులో వర్ణన ఎక్కడా లేదు. చిలక ఆకుపచ్చగా ఉందని లేదు, తోట అందంగా ఉందని లేదు. మొత్తం ఆరు ప్రశ్నలు, ఆరు క్రియలు. ప్రతి ప్రశ్నకీ తల ఊపడం తప్ప పిల్లవాడు చేయాల్సింది లేదు, మాటలు పూర్తిగా రాని వయసుకి అదే కుదురుతుంది. మొదటి ప్రశ్నలోనే చిలక ఏడుస్తున్న పిల్ల అయిపోయింది, అమ్మ కొట్టింది కాబట్టి. చివర్లో 'గుటుక్కు' దగ్గర మన గొంతు కదులుతుంది, వాడి చూపు అక్కడే ఉంటుంది. పండు దాచుకోకుండా మింగేసింది కదా, నీతి ఏదీ అని ఎవరూ అడగలేదు. ఇదే పాట ఈనాటి బాలగేయ రచయిత చేతిలో పడితే చివర 'పంచుకు తినవలెనమ్మా' అని ఒక పాదం వచ్చి చేరుతుంది. ఆ పాదం పిల్లవాడి కోసం రాసింది కాదు, పుస్తకం కొనే నాన్న కోసం.

అమెరికాలో పెరుగుతున్న మా అన్నయ్యగారి అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆ పిల్ల కోసం నాలుగు పాదాలు రాయబోతే నాకు ఇంకో సంగతి తెలిసొచ్చింది. కళ్లతో చూసే అందాలేవీ అక్కడ చెల్లవు, అంతా చెవిదే. ఒకరకంగా హనుమంతు పాట పాడిన ఊళ్లకీ ఆ పిల్ల ఉండే ఊరికీ పోలికుంది.

'నా కోసం నేను రాసుకుంటాను' అనేవాళ్లని నేను పూర్తిగా కొట్టిపారేయను. కాళోజీ తన పుస్తకానికి 'నా గొడవ' అనే పేరు పెట్టుకున్నారు. నాది అంటూనే బడి పలుకుల భాష వదిలి పలుకుబడుల భాషలో రాశారు, దాంతో ఆ గొడవ వరంగల్లులో విన్న ప్రతివాడి గొడవా అయింది. ఇక భవభూతి మాలతీమాధవంలో, నాతో సమానమైన మనసున్నవాడు ఎప్పుడో ఎక్కడో పుడతాడు, కాలానికి అంతులేదు, భూమి విశాలమైనది అన్నాడు. అది కూడా ఒక శ్రోతని ఎంచుకోవడమే, కాకపోతే ఇంకా పుట్టనివాణ్ని. ఆరుద్రని చూస్తే ఈ వాదన మరీ తేలిగ్గా విడిపోతుంది. త్వమేవాహం చదివి తల గోక్కున్న పాఠకులు, అదే కవి కూనలమ్మ పదాలని నోటికి అప్పజెప్పేవారు, అదే కవి సినిమా పాటలని రేడియోలో వినేవారు. అందులో ఏది అసలు ఆరుద్ర అని అడగడం, పిన్నిని స్కూల్లో చూసి ఇంట్లో ఎవరని అడగడం లాంటిది.

ఒక్క ఇబ్బంది మాత్రం ఈ మధ్య ఎక్కువైంది. కవితలో 'గటక' అని రాసి, కింద చుక్క గుర్తు పెట్టి 'మక్కలతోనో జొన్నలతోనో వండుకునే తిండి' అని వివరణ ఇవ్వడం. ఆ చుక్క దగ్గర కవిత మొహం తిప్పుకుంటుంది. గటక తిన్నవాడితో మాట్లాడుతున్నదల్లా తిననివాడి వైపు తిరుగుతుంది. అలా తిరగడం తప్పని నేననను, జాషువా తిరిగాడు కదా. తెలిసి తిరగాలి. వినేవాడు ఎవరో తేల్చుకుంటే మనకి దక్కే పెద్ద లాభం, ఏ మాటలు చెప్పక్కర్లేదో తెలిసిపోవడం. గటక అంటే తెలిసినవాడికి రాస్తే, ఆ వివరణకి పట్టే జాగాలో దాని పక్కన నంజుకున్న పచ్చిమిరపకాయ పెట్టొచ్చు.

ఆ సన్మానసభ అయిన ఆరు నెలలకి, ఈసారి సభ లేకుండా, పిన్నికి మాత్రమే ఒక ఆటవెలది రాశాను.

సుద్దముక్క కొంగు చుట్టి యింటికి తెచ్చి
గోడ మీద రాసి, కూర్చొబెట్టి
ఆరుబయట మెల్ల నంకెలు నేర్పావు
ఇంటిబెల్లు మోగె, నింక లెమ్ము

దారిలో మా మావయ్య కంటపడింది. ఆయన భాషాప్రవీణ, అంటే తెలుగు పండితుల చదువు చదివినవాడు. "కూర్చొబెట్టి తర్వాత యారుబయట అని యడాగమం, మధ్యలో 'య', రావాలి కదరా, కింద నేర్పావు దగ్గర కూడా సంధి వదిలేశావు" అన్నాడు. నా బుర్రలో ఉండే నాలుగోవాడు కళ్లజోడు పెట్టుకుని ఎదురుగా కూర్చున్నట్టు ఉంది. అవునన్నాను, మార్చలేదు. 'యారుబయట' అని రాస్తే పిన్ని అక్కడ ఆగుతుంది.

పిన్ని వేరే చోట ఆగింది, మొదటి మాట దగ్గరే. "సుద్దముక్కలు బడివిరా. నేనెప్పుడూ ఇంటికి తేలేదు. మీకు నేర్పింది బొగ్గుతో" అంది. గొంతులో కోపం లాంటిది ఉంది కూడా. 34 ఏళ్ల సర్వీసులో ఒక్క సుద్దముక్క తెచ్చుకోని మనిషి చేత నేను నాలుగు పాదాల్లో దొంగతనం చేయించాను.

'సుద్ద' తీసి 'బొగ్గు' పెడితే గణం సరిపోయింది గానీ 'చుట్టి'తో యతి పోయింది. పాదమంతా విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. "బొగ్గుముక్క తీసి పొయ్యిలో నుంచి మా గోడ మీద రాసి" అన్నాను. బొగ్గుకి పొయ్యి యతి కుదిరింది, కొంగు కన్నా పొయ్యే నిజం కూడా. సాయంత్రం మళ్లీ తీసుకెళ్లి చూపించాను.

"మా గోడ ఏమిటి? మీ ఇంట్లో గోడ మీద గీస్తే మీ నాన్న ఊరుకునేవాడా? అది మా గోడ. ప్రతి సంక్రాంతికీ సున్నం నేనే కొట్టించుకునేదాన్ని" అంది.

అక్కడే పెన్ను తీసి 'మా' కొట్టేసి 'నీ' అని రాశాను. గురువుకి గురువు, లెక్క సరిపోయింది.